పుట్ట లేని దేశంలో పుట్టగొడుగులు

(శాన్ రామన్‌లో తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతప్రతి)



అడవిలో దొరికే మేలురకం పుట్టగొడుగుల్ని ఎలా ఎంచుకోవాలి, ఎలా వండుకోవాలి అన్న విషయం మీద మాట్లాడమన్నారు. అదీ భోజనాలకి ముందు. ఈ విషయంలో ఆకలి పుట్టించే భాగం ఒకటుంది, ఆకలి చంపే భాగం ఒకటుంది. చంపేదాన్ని ముందు చెప్పేసి, పుట్టించేదానితో మిమ్మల్ని భోజనాల గదిలోకి పంపిస్తాను. కాస్త ఓపిక పట్టండి.

ముందుగా మాట సంగతి. ఇంగ్లీషువాడి "మష్రూమ్" అన్న మాట వింటే అది ఎక్కడ మొలుస్తుందో తెలీదు. మన మాటలో చిరునామా కూడా ఉంది. పుట్ట మీద లేచిన గొడుగు. ఇది కవి కల్పించిన పోలిక కాదు, చూసి పెట్టిన పేరు. మన పల్లెల్లో తొలకరి పడ్డాక పొలం గట్ల మీదా, బీళ్ళలోనూ లేచే అసలు సిసలు పుట్టగొడుగు నిజంగానే చెదపుట్టలోంచే వస్తుంది. చెదలు ఎండుటాకులూ, పుల్లలూ నమిలి, పుట్ట లోపల స్పాంజిలాంటి గూళ్ళు కట్టి, వాటిమీద ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. చెదలకి అరగని చెక్కపదార్థాన్ని ఆ శిలీంధ్రం అరిగించి పెడుతుంది, చెదలు దాన్ని తిని బతుకుతాయి. మనిషి వ్యవసాయం నేర్చుకోకముందే, కొన్ని కోట్ల ఏళ్ళనాడే, చెదలు చేస్తున్న వ్యవసాయం ఇది. వానలు పడగానే ఆ తోటలోంచి పొడుగాటి కాడతో గొడుగు పైకి లేస్తుంది. శాస్త్రవేత్తలు దీనికి పెట్టిన పేరు టెర్మిటోమైసీస్. అంటే చెదల శిలీంధ్రం. మనవాళ్ళు ఎప్పుడో పెట్టిన పేరునే వాళ్ళు లాటిన్ గ్రీకుల్లోకి మార్చుకున్నారన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఈ టెర్మిటోమైసీస్ ఆసియాలోనూ, ఆఫ్రికాలోనూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా మొలవదు. ఎందుకంటే దాన్ని సాగుచేసే చెదజాతి అక్కడే ఉంది. అమెరికాలో చెదలు లేవా అంటే ఉన్నాయి. ఈ సభలో ఇల్లు కొన్న ప్రతివారూ టెర్మైట్ ఇన్‌స్పెక్షన్‌కి డబ్బు కట్టినవారే. కానీ ఈ దేశపు చెదలకి ఇళ్ళు తినడమే వచ్చు, వ్యవసాయం రాదు. కాబట్టి మనం పుట్టగొడుగు అని దేన్ని పిలిచామో అది ఈ దేశంలో లేదు. మన అమ్మమ్మలూ నాయనమ్మలూ చూడగానే "ఇది పుట్టగొడుగు, అది కుక్కగొడుగు" అని చెప్పేవారే, ఆ కన్ను ఇక్కడ లేని ఒక వస్తువు మీద సానబెట్టిన కన్ను. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కాలం కూడా తిరగబడింది. మనకి మృగశిర, ఆరుద్ర కార్తెల్లో ఉరుములు ఉరిమితే పుట్టగొడుగులు. ఇక్కడ వేసవి అంటే ఎండిన గడ్డి కొండలు. బే ఏరియాలో వానలు నవంబరులో మొదలై మార్చి దాకా పడతాయి, గొడుగులూ అప్పుడే లేస్తాయి. సంక్రాంతి రోజుల్లో లాస్ ట్రంపాస్ కొండల్లోనో, డయాబ్లో కొండ కిందనో నడిచిన వాళ్ళకి ఈ సంగతి తెలుసు. నిన్నటి దాకా ఏమీ లేని ఓక్ చెట్ల కింద తెల్లారేసరికి బంతిభోజనానికి విస్తళ్ళు వేసినట్టుంటుంది.

మనలో కొందరిళ్ళలో అసలు పుట్టగొడుగు వంటింటి గడప తొక్కేది కాదన్న విషయం కూడా ఒప్పుకోవాలి. మనుస్మృతి ఐదో అధ్యాయంలో వెల్లుల్లి, ఉల్లి, పుట్టగొడుగు మూడింటినీ ఒకే గాటన కట్టి కూడదన్నారు. ఉల్లీ వెల్లుల్లీ ఎప్పుడో లోపలికి వచ్చేశాయి గానీ పుట్టగొడుగు మాత్రం చాలా ఇళ్ళలో అమెరికా వచ్చాక పిజ్జా మీద ఎక్కి లోపలికొచ్చింది. అందువల్ల మనలో రెండు జట్లున్నాయి. ఏమీ తెలియని జట్టు ఒకటి, ఇంటి దగ్గర బాగా తెలిసిన జట్టు ఒకటి. అడవి దగ్గర నాకు భయం రెండో జట్టు గురించే. తెలియనివాడు ముట్టుకోడు. తెలిసినవాడే ఏరుతాడు.

సరే, శాన్ రామన్ ఓక్ చెట్టు దగ్గరకి వద్దాం. ఇక్కడి కొండల్లో ఎక్కడ చూసినా కనిపించేది కోస్ట్ లైవ్ ఓక్. ఏడాది పొడుగునా ఆకు రాల్చకుండా పచ్చగా ఉండే చెట్టు. దీని వేళ్ళతో స్నేహం చేసి బతికే శిలీంధ్రాలు చాలా ఉన్నాయి. చెట్టుకి అవి నీళ్ళూ ఖనిజాలూ తెచ్చిపెడతాయి, చెట్టు వాటికి చక్కెర పెడుతుంది. ఆ స్నేహితుల్లో ఒకటి బంగారు రంగు చాంటరెల్. కాలిఫోర్నియా చాంటరెల్‌ని ప్రత్యేకమైన జాతిగా గుర్తించింది 2008లో. ఒక్కొక్కటి పౌను బరువు దాకా పెరుగుతుంది. దేశంలో పెద్ద పెద్ద హోటళ్ళవాళ్ళు వెతుక్కుని కొనే పుట్టగొడుగు ఇది.

అదే చెట్టుకి రెండో స్నేహితుడి పేరు డెత్ క్యాప్. మృత్యుటోపీ అందాం.

ఈ మృత్యుటోపీ ఈ నేల బిడ్డ కాదు. మనలాగే వలస వచ్చింది. యూరప్ నుంచి తెచ్చి నాటిన చెట్ల వేళ్ళలో దాక్కుని వచ్చింది. కాలిఫోర్నియాలో దీన్ని మొదట సేకరించిన దాఖలా 1938 నాటిది. మాంటెరేలోని హోటల్ డెల్ మాంటే తోటలో దొరికింది. 1945 నాటికి బర్క్‌లీ విశ్వవిద్యాలయం ఆవరణలో కనిపించింది. వచ్చినది తన పాత చెట్లతోనే ఉండిపోలేదు, ఇక్కడి లైవ్ ఓక్‌తో కలిసిపోయింది. ఇవాళ యూరప్‌లో చాలా చోట్ల కన్నా ఎక్కువగా ఇక్కడే కనిపిస్తుంది. ఇంతగా స్థిరపడిన వలసదారు మనలో కూడా అరుదు.

చూడడానికి ఎలా ఉంటుందంటే: గొడుగు లేత ఆకుపచ్చా పసుపూ కలిసిన రంగు, ఒక్కోసారి దాదాపు తెలుపు. కింది పొరలు తెల్లగా ఉంటాయి. కాడకి పైభాగంలో పలచని పావడా వేలాడుతుంది. కాడ అడుగున, మట్టిలో, కోడిగుడ్డు పెంకు చీల్చుకుని వచ్చినట్టు తెల్లటి సంచి ఉంటుంది. ఈ సంచే అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు. పైనుంచి కోస్తే అది నేలలోనే ఉండిపోతుంది. కనపడదు. లేతగా ఉన్నప్పుడు మొత్తం తెల్లటి గుడ్డులా ఉంటుంది. మన పక్క సాగుచేసే వరిగడ్డి పుట్టగొడుగు కూడా లేతప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. ఆగ్నేయాసియా నుంచి వచ్చినవాళ్ళు ఈ పోలిక వల్లే మోసపోయిన సందర్భాలు అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్నాయి. మనమూ వరి తినేవాళ్ళమే, గడ్డివాముల పక్కన పెరిగినవాళ్ళమే. ఆ మోసం మనకి ఎంతో దూరంలో లేదు.

దీన్లో అమటాక్సిన్ అనే విషం ఉంది. మన కణాల్లో ప్రోటీన్ తయారుకావడానికి కావలసిన మొదటి మెట్టునే అది ఆపేస్తుంది. ముఖ్యంగా కాలేయం దెబ్బతింటుంది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా, ఫ్రీజర్లో పెట్టినా ఆ విషం చావదు. ఒక్క గొడుగు చాలు, అందులో సగమైనా చాలు, పెద్దమనిషి ప్రాణం తియ్యడానికి. ఇంకా దారుణం ఏమిటంటే, తిని బతికినవాళ్ళు చాలామంది రుచి బాగుందనే చెప్పారు. చేదైతే ఉమ్మేసేవాళ్ళం కదా.

తిన్న వెంటనే ఏమీ కాదు. ఆరు గంటల నుంచి పన్నెండు గంటలు, ఇంకా ఎక్కువ సేపు కూడా, మనిషి నిక్షేపంలా ఉంటాడు. తరవాత వాంతులు, విరేచనాలు. రెండో రోజున తగ్గినట్టు ఉంటుంది. "హమ్మయ్య, ఏదో పడలేదు, తగ్గిపోయింది" అనుకుని ఇంట్లో పడుకుంటారు. ఆ సమయంలోనే కాలేయం లోపల కూలిపోతూ ఉంటుంది. మూడో రోజో నాలుగో రోజో ఆస్పత్రికి వెళ్ళేసరికి కాలేయం మార్పిడి తప్ప వేరే దారి ఉండకపోవచ్చు.

ఇవి పుస్తకాల్లో మాటలు కావు. 2007 జనవరిలో శాంటా క్రూజ్ దగ్గర ఒక కుటుంబంలో ఆరుగురు ఏరుకొచ్చిన పుట్టగొడుగులతో టాకోలు చేసుకు తిన్నారు. జర్మనీ నుంచి తెప్పించిన సిలిబినిన్ అనే మందుతో చికిత్స చేశారు. ఇంటి పెద్దావిడ, నాయనమ్మ, దక్కలేదు. 2012లో సాక్రమెంటో పక్కన లూమిస్‌లో ఒక వృద్ధుల ఇంట్లో, పెరట్లో మొలిచినవాటితో సూప్ కాచి పెడితే నలుగురు పోయారు. కాచినావిడ ప్రేమతోనే కాచింది, తనూ తాగింది. 2016 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో 14 మంది విషం పాలయ్యారు. ముగ్గురికి కాలేయ మార్పిడి జరిగింది. వాళ్ళలో ఒకరు పద్ధెనిమిది నెలల పసిపాప. ఎవరో ఏరి తెచ్చినవి కాల్చి పెట్టారు. పాప బతికింది కానీ మెదడు దెబ్బతింది. 2025 చివర వానలు తొందరగా పడ్డాయి. డిసెంబరులో రాష్ట్ర ప్రజారోగ్య శాఖ అడవి పుట్టగొడుగులు అసలు ఏరవద్దని హెచ్చరిక చేసేనాటికే ఇరవైమందికి పైగా విషం పాలయ్యారు, ఒకరు చనిపోయారు. ఆ హెచ్చరికని ఎన్నో భాషల్లోకి మార్చి పంచారు. బాధితుల్లో ఎక్కువమంది వేరే దేశాల నుంచి వచ్చి, తమ ఊళ్ళో తెలిసిన పుట్టగొడుగే ఇదనుకున్నవాళ్ళు కావడమే దానికి కారణం.

మన ఇళ్ళలో ఇది ఎలా జరగగలదో చెప్తాను. నాకు తెలిసిన ఒక ఇంట్లో అత్తగారు విజిటర్ వీసా మీద శీతాకాలంలో వచ్చారు. రోజూ పొద్దున్నే ఐరన్ హార్స్ ట్రైల్ మీద నడక. ఒకరోజు కొంగులో ఏడెనిమిది గొడుగులు మూటగట్టుకుని వచ్చారు. "ఇక్కడివాళ్ళకి తెలీదు కాబోలమ్మా, చెట్టు కింద వదిలేశారు. మా చేలో వచ్చేవే ఇవి" అన్నారు. కోడలికి భయం. కానీ పొలంలో నలభై ఏళ్ళు గడిపిన మనిషితో మీకు తెలీదని అనడం ఎలా? ఆ అమ్మాయి తెలివైనది. "అత్తయ్యా, మీ ఊళ్ళో పుట్టగొడుగు పీకితే అడుగున ఎలా ఉంటుందో చెప్పండి" అంది. "కింద పొడుగ్గా తోకలాగా వేరు పుట్టలోకి దిగి ఉంటుంది, తెగకుండా తియ్యాలంటే తవ్వాలి" అన్నారావిడ. "మరి వీటికి ఉందేమో చూద్దాం పదండి" అని చెట్టు దగ్గరకి తీసుకెళ్ళి, మిగిలినవాటిలో ఒకదాన్ని పుల్లతో తవ్వి తీసింది. తోక లేదు. అడుగున తెల్లటి సంచి ఉంది. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది మనది కాదే" అన్నారు. ఇంటికొచ్చి మూట చెత్తలో పారేసి, చేతులు కడుక్కున్నారు.

ఆ రోజు ఆ ఇంటిని కాపాడింది ఇంటర్నెట్ కాదు, ఆవిడ విద్యే. మనవాళ్ళ విద్య తప్పు కాదు. ఏది మనదో అది కచ్చితంగా చెప్తుంది. ఇక్కడివాటిలో ఏది మంచిదో మాత్రం అది చెప్పలేదు. కాబట్టి ఈ శీతాకాలం అమ్మానాన్నలు వస్తుంటే "ముట్టుకోకండి" అని కసరకండి. ఆ దేశపు చెదలూ పుట్టలూ ఇక్కడ లేవని, అందుకే ఆ పుట్టగొడుగూ ఇక్కడ లేదని చెప్పండి. పొలం తెలిసినవాళ్ళకి ఆ మాట ఇట్టే అర్థమవుతుంది.

ఇంక మనలో తిరిగే పరీక్షలున్నాయి. వండేటప్పుడు వెండి నాణెం వేస్తే నల్లబడుతుందని, వెల్లుల్లి రంగు మారుతుందని, బియ్యం ఎర్రబడతాయని, పురుగులు తిన్నదైతే మనమూ తినవచ్చని. ఇవన్నీ వట్టివి. మృత్యుటోపీ వెండిని ఏమీ చెయ్యదు. నత్తలూ పురుగులూ దాన్ని తిని హాయిగా ఉంటాయి. ఫోను యాప్‌లు కూడా ఈ వరసలోవే. ఫొటోలో నేల కింద ఉన్న సంచి పడదు. 2023లో కృత్రిమ మేధతో రాసిన పుట్టగొడుగుల పుస్తకాలు కొన్ని ఇంటర్నెట్ అంగళ్ళలోకి వచ్చాయి, వాటిని నమ్మవద్దని పుట్టగొడుగుల సంఘాలవాళ్ళు మొత్తుకున్నారు. నమ్మదగిన పుస్తకం కావాలంటే డేవిడ్ అరోరా రాసిన "మష్రూమ్స్ డీమిస్టిఫైడ్" ఉంది. 1979లో వచ్చింది, 1986లో పెంచి మళ్ళీ వేశారు. వెయ్యి పేజీల దాకా ఉంటుంది, కానీ నవ్విస్తూ చెప్తాడు.

ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే, ఒంట్లో ఏమీ లేకపోయినా, ఆ క్షణమే పాయిజన్ కంట్రోల్‌కి ఫోన్ చెయ్యండి: 1-800-222-1222. రాత్రీ పగలూ పలుకుతారు, అనువాదకులనీ ఇస్తారు. మిగిలిన ముక్క, చెత్తబుట్టలో ఉన్నదైనా సరే, కాగితం సంచిలో పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. రెండో రోజు తగ్గిందని వెనక్కి రాకండి.

ఏరడం నేర్చుకోవాలని ఉన్నవాళ్ళు లేకపోలేదు. దానికీ దారి ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో మైకొలాజికల్ సొసైటీ 1950లో మొదలైంది. నడకలకి తీసుకెళ్తారు, శీతాకాలంలో ఫంగస్ ఫెయిర్ పెడతారు. ఒక ఏడాది చేతులు వెనక్కి కట్టుకుని వాళ్ళ వెంట తిరగండి. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మన పక్కనున్న ఈస్ట్ బే ప్రాంతీయ పార్కుల్లో గానీ, మౌంట్ డయాబ్లో స్టేట్ పార్కులో గానీ ఏరడానికి వీల్లేదు. సొనోమా తీరంలో సాల్ట్ పాయింట్ స్టేట్ పార్కులో మాత్రం మనిషికి రోజుకి 5 పౌన్ల వరకూ సొంతానికి ఏరుకోనిస్తారు. వెళ్ళేముందు అప్పటి నియమాలు కనుక్కోండి.

ఇక్కడితో ఆకలి చంపే భాగం అయింది. ఇప్పుడు సంచి పట్టుకుని బజారుకి పోదాం.

మన చుట్టుపక్కల బర్క్‌లీ బౌల్, బర్క్‌లీలోనే మాంటెరే మార్కెట్, శాన్‌ఫ్రాన్సిస్కో ఫెర్రీ బిల్డింగ్‌లో పుట్టగొడుగుల దుకాణం, అక్కడే శనివారం రైతుబజారు. వీటిల్లో కాలాన్ని బట్టి నిజమైన అడవి సరుకు దొరుకుతుంది. ధర తక్కువేమీ కాదు. మొదట గుర్తుపెట్టుకోవలసింది: "వైల్డ్ మిక్స్" అని డబ్బాలో అమ్మేదాంట్లో సాధారణంగా ఉండేవి ఆయిస్టర్, షీటాకే, మైటాకే. ఇవి షెడ్లలో పెంచినవి. చెడ్డవని కాదు, అడవి ధర ఇవ్వకండని. చెక్కా, గడ్డీ తిని బతికేవాటిని షెడ్డులో పెంచవచ్చు. చాంటరెల్, పోర్చీనీ లాంటివి బతికున్న చెట్టు వేరుతోనే బతుకుతాయి కనక అవి ఎప్పుడూ అడవి నుంచి రావలసిందే.

చాంటరెల్‌ని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆప్రికాట్ వాసన వెయ్యాలి. కింద విడివిడి పొరలుండవు, కాడ మీదికి జారిన మడతలుంటాయి. చీలిస్తే లోపల తెల్లగా, నార తీసినట్టు ఉంటుంది. అంచులు జిగటగా, నల్లగా ఉంటే వదిలెయ్యండి. వాన మర్నాడు కొంటే సగం నీళ్ళకి డబ్బిస్తున్నట్టే, రెండు మూడు రోజులు ఆగండి. పోర్చీనీ అయితే కింద పొరల బదులు స్పాంజి ఉంటుంది, అది తెల్లగా ఉంటే లేత, పచ్చబడితే ముదురు. నిలువునా కోయించి చూడండి. మన వంకాయలాగే, బయట నిగనిగ, లోపల పురుగు. హెడ్జ్‌హాగ్‌కి కింద సన్నటి ముళ్ళలాంటివి వేలాడతాయి, కొత్తగా వండేవాళ్ళకి ఇదే మంచిది. బ్లాక్ ట్రంపెట్ నల్లగా, బూరలాగా, చూడడానికి కాలిన కాగితంలా ఉంటుంది. రుచి మాత్రం గొప్పది.

ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ సంచిలో ఉంచకండి, చెమటపట్టి కుళ్ళుతాయి. కాగితం సంచిలో ఫ్రిజ్‌లో పెట్టండి. కడగకూడదని టీవీ వంటవాళ్ళు చెప్పేది అతి శుభ్రమైన షెడ్డు సరుక్కి. అడవి నుంచి వచ్చినవాటిలో ఇసుక ఉంటుంది. ఆకుకూర కడిగినట్టు గబగబా కడిగి, పొడి గుడ్డ మీద ఆరబెట్టండి. పంటి కింద ఇసుక కన్నా రెండు చుక్కల నీళ్ళు నయం.

ఒక్క నియమం అన్నిటికీ: పచ్చిగా తినకండి. పుట్టగొడుగు గోడ కైటిన్ అనే పదార్థం. రొయ్య పెంకులో ఉండేదే. అది మన పొట్టకి సరిగ్గా అరగదు. ఉడికితే మేలు. అదే కైటిన్ వల్ల ఇంకో లాభం ఉంది. మాంసం ఎక్కువసేపు ఉడికితే గట్టిపడుతుంది, కూర మెత్తబడి ముద్దవుతుంది, పుట్టగొడుగు ఎంత ఉడికినా నిలబడుతుంది. మన పద్ధతిలో నిదానంగా ఇగర్చడానికి ఇంతకన్నా అనువైన వస్తువు లేదు. మన కశ్మీరు గుచ్చీ ఇక్కడి మోరెల్‌కి బంధువే. దాని విషయంలో ఈ నియమం మరీ ముఖ్యం. 2023లో మోంటానాలో ఒక రెస్టారెంట్లో సరిగ్గా ఉడకని, పచ్చి మోరెల్స్ తిని 51 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. తినే జాతిదే, వండడంలో వచ్చిన చిక్కు. నేనైతే మోరెల్‌ని నిలువునా చీల్చి కడిగి, ఇరవై నిమిషాలకి తక్కువ పొయ్యి మీద ఉంచను.

చాంటరెల్ ఇగురు చెప్తాను. అరపౌను తీసుకుని, కత్తి పెట్టకుండా చేత్తో నిలువుగా చీల్చండి. మూకుడు బాగా వేడెక్కాక నూనె చుక్క కూడా వెయ్యకుండా వీటిని వేసి చిటికెడు ఉప్పు చల్లండి. కాసేపట్లో నీళ్ళు ఊరి ఈదుతూ ఉంటాయి. కంగారుపడకండి, పారబొయ్యకండి, రుచంతా ఆ నీళ్ళలోనే ఉంది. అవి మళ్ళీ లోపలికి ఇగిరిపోయి, మూకుడు చిటపటమన్నాక అప్పుడు రెండు చెంచాల నెయ్యి వెయ్యండి. ఆరు చిన్న ఉల్లిపాయలు సన్నగా తరిగి, రెండు పచ్చిమిరపకాయలు చీల్చి, ఒక రెమ్మ కరివేపాకు. ఉల్లి ఎర్రబడ్డాక కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు అర చెంచా. అంతే. గరం మసాలా డబ్బాని ఆ పూటకి అలమరలోనే ఉండనివ్వండి. టమాటా కూడా వద్దు. పౌనుకి ముప్ఫై డాలర్లు పెట్టి కొన్న వాసనని రెండు లవంగాలతో కప్పెట్టడం అన్యాయం.

మసాలా పెట్టాలని చెయ్యి లాగితే దానికి చికెన్ ఆఫ్ ది వుడ్స్ ఉంది. చెట్టు మొద్దుకి నారింజరంగు అరల్లా పెరుగుతుంది. నిజంగానే కోడిమాంసంలా నార నారగా ఉంటుంది. ముక్కలు ముందు పది పదిహేను నిమిషాలు నీళ్ళలో ఉడికించి వార్చి, ఆ తరవాత అల్లం వెల్లుల్లి, ధనియాలు, గసగసాల ముద్దతో నాటుకోడి పులుసులా పెట్టండి. శాకాహారులు కొందరు దీన్ని చూసి "ఇది అదేనా?" అని అనుమానంగా అడుగుతారు. కొందరి పొట్టకి ఇది పడదు, అందుకే మొదటిసారి రెండు ముక్కలే తినండి. ఆ మాటకొస్తే ఏ కొత్తరకమైనా మొదటిసారి కొంచెమే, ఒక్క రకమే తినాలి. పక్కన గ్లాసు పెట్టుకోకుండా తినడం మంచిది, మద్యంతో కలిస్తే ఇబ్బంది పెట్టే రకాలున్నాయి.

ఎండు పోర్చీనీ ఏడాది పొడుగునా దొరుకుతుంది. ఒక ఔన్సు వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, ఆ నీళ్ళని పలచని గుడ్డలో వడగట్టి, అందులోనే పులావు ఎసరు పెట్టండి. అడుగున దిగిన ఇసుకని వదిలెయ్యండి.

చివరగా తీపి. పుట్టగొడుగుతో తీపేమిటని నవ్వకండి. కాలిఫోర్నియా తీరంలో క్యాండీ క్యాప్ అని ఒకటుంది. పచ్చిగా ఉన్నప్పుడు పెద్దగా వాసనుండదు, ఎండితే ఇల్లంతా మేపుల్ సిరప్ వాసన. ఆ వాసనకి కారణం సోటోలాన్ అనే పదార్థం అని శాస్త్రవేత్తలు తేల్చారు. మన పోపులపెట్టెలో మెంతులకి ఆ వాసన ఇచ్చేది కూడా ఈ సోటోలానే. అంటే ఇది మనకి దూరపు చుట్టమే. ఎండువి నాలుగైదు చాలు, పాలల్లో పావుగంట మరిగించి, ఆ పాలతో పరమాన్నం వండండి. యాలకులు వెయ్యకండి. బెల్లం కలిపేముందు దించండి, లేకపోతే పాలు విరుగుతాయి. దీన్ని మాత్రం కొనే తినండి. చిన్నగా గోధుమరంగులో దీన్ని పోలినవాటిలో అమటాక్సిన్ ఉన్నవి ఉన్నాయి.

ప్రసంగం అయ్యాక ఒకావిడ అడిగిన ప్రశ్న ఇక్కడ చేరుస్తున్నాను, చాలామందికి పనికొస్తుందని. "మా పెరట్లో ఓక్ చెట్టు కింద ఏవో తెల్లటివి లేస్తున్నాయి. చిన్నపిల్లాడు, కుక్కపిల్ల ఉన్నారు. చెట్టు కొట్టేయించాలా?" అని. చెట్టు జోలికి పోకండి. ముట్టుకుంటే విషం ఎక్కదు, తింటేనే. వానాకాలంలో రోజూ పొద్దున్నే పిల్లాణ్ణి బయటికి వదిలేముందు ఒకసారి తిరిగి చూసి, అడుగు సంచితో సహా తవ్వి తీసి, మూటగట్టి చెత్తడబ్బాలో వేసి చేతులు కడుక్కోండి. మందు చల్లితే పోవు, అవి వేళ్ళలో ఉంటాయి, మళ్ళీ ఏడూ వస్తాయి. కుక్కపిల్లని మరీ జాగ్రత్తగా చూసుకోండి, దానికి ఆ వాసన ఇష్టం. అది నోట పెట్టిందని అనుమానం వస్తే వాంతులయ్యే దాకా ఆగకుండా అప్పుడే పశువైద్యుడి దగ్గరకి తీసుకెళ్ళాలి.